పాన్‌కేక్ మంగళవారం: చర్చి హాలు, కేఫ్, పిండి సీసా, మూడింటికీ నా మార్కులు

వందనాలు అందరికీ. తొందరలో ఉన్నవాళ్ళకి ముందే మార్కులు చెప్పేస్తా. చర్చి హాల్లో పెట్టిన పాన్‌కేక్ సప్పర్‌కి 5కి 4, షాపింగ్ సెంటర్‌లో కేఫ్‌కి రెండున్నర, సూపర్‌మార్కెట్‌లో దొరికే ఊపి పోసుకునే పిండి సీసాకి 1. ఆ ఒకటి కూడా సీసా రీసైక్లింగ్‌లో వేయొచ్చు కాబట్టి. మూడింటి పేర్లూ రాయట్లేదు, ఇంగ్లండ్‌లో ఏ ఊరెళ్ళినా ఇలాంటివి ఉంటాయి, మీ ఊళ్ళో వాటితో పోల్చి చూస్కోండి.

ఫిబ్రవరి వచ్చిందంటే మా మిల్టన్ కీన్స్ తెలుగు గ్రూపులో ఎవరో ఒక కొత్తమ్మాయి అడుగుతుంది, అక్కా స్కూల్ నుంచి మెసేజ్ వచ్చింది, బాబుకి చిన్న పెనం ఇచ్చి పంపమన్నారు, పాన్‌కేక్ రేస్ అంట, ఏంటక్కా ఇది అని. నాన్‌స్టిక్ పెనం పంపు, కొంచెం దళసరిగా ఒక అట్టు వేసివ్వు, ఎగరేస్తే చిరక్కుండా ఉండాలి, అని చెప్తే ఆ అమ్మాయి థాంక్స్ అక్కా అని వెళ్ళిపోద్ది. కానీ ఆ మంగళవారం వెనకాల ఒక బుధవారం ఉందని చాలామందికి తెలీదు, మనవాళ్ళకే అనుకోకండి, ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్ళక్కూడా.

సంగతేంటంటే, ఈస్టర్‌కి 47 రోజుల ముందు వచ్చే మంగళవారం ఇది. మర్నాడు బూడిద బుధవారం, మన ఆర్సీఎం వాళ్ళు, అంటే రోమన్ కాథలిక్కులు, విభూది బుధవారం అంటారు, అక్కణ్ణుంచి లెంట్ అనే ఉపవాస కాలం మొదలు. ఆదివారాలు ఉపవాసం లెక్కలోకి రావు కాబట్టి ఈస్టర్ దాకా ఉన్న 46 రోజుల్లో 40 మిగుల్తాయి, యేసుప్రభువు అరణ్యంలో ఉపవాసమున్న 40 రోజుల లెక్క అదే. పాతకాలం యూరప్‌లో లెంట్ అంటే నీచు మానేస్తే సరిపోయేది కాదు, గుడ్లు, పాలు, వెన్న, జున్ను అన్నీ బంద్. ఇంట్లో ఉన్నవి మరి ఏం చేస్తారు, ఫ్రిజ్‌లా పాడా, పారేయడానికి చేతులు రావు, అందుకని మంగళవారం నాడు ఉన్న గుడ్లూ పాలూ మైదాలో కలిపేసి వెన్నేసి అట్లు పోసుకుని ఇంటిల్లిపాదీ తినేసి గిన్నెలు కడిగి బోర్లించేవాళ్ళు. దానికంటే ముందు ఇంకో పనుంది. చర్చిలో గంట కొడితే వెళ్ళి ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకుని క్షమాపణ పొంది రావాలి. అసలు ఆ రోజుకి ఇంగ్లీషులో ష్రోవ్ ట్యూస్‌డే అనే పేరు వచ్చిందే ఆ పని మీద, అట్లు తర్వాత అతుక్కున్నాయి. సో మనసులో ఉన్నదీ అల్మారాలో ఉన్నదీ రెండూ ఒకే రోజు ఖాళీ చేస్కుని బుధవారం పొద్దున లేవడం అన్నమాట. నా మార్కులన్నీ దీన్నిబట్టే వేశా, ఇంట్లో ఉన్నది అయిపోగొట్టారా, కొత్తగా ఇంకా కొనుక్కొచ్చి నింపారా అని.

ముందు సీసా, ఇది రెండు ముక్కల్లో అయిపోద్ది. ప్లాస్టిక్ సీసాలో పొడి పిండి ఉంటుంది, గీత దాకా నీళ్ళు పోసి మూత పెట్టి ఊపాలి, పెనం మీద పోయాలి. ఎంత ఊపినా అడుగున ఉండలు ఉండలుగా మిగిలిపోయింది, మా ఆయన భుజం నొప్పి పుట్టేదాకా ఊపారు. వేసిన అట్లకి గుడ్డు వాసన ఉంది గానీ గుడ్డు రుచి లేదు. అయినా ఇంట్లో ఉన్న గుడ్లూ పాలూ అవగొట్టడానికి పుట్టిన వంటకానికి గుడ్లూ పాలూ ఇంట్లో అలాగే ఉంచేసి బయట్నుంచి సీసా కొనుక్కురావడం ఏంటో నాకర్థం కాదు. 100 గ్రాముల మైదా, 2 గుడ్లు, 300 మిల్లీలీటర్ల పాలు, చిటికెడు ఉప్పు, కలిపి అరగంట పక్కన పెట్టండి, మజ్జిగంత జారుగా ఉండాలి, అంతే. మొదటి అట్టు ఎప్పుడూ పాడవుద్ది, అది వంట చేసినవాళ్ళు నిలబడి తినేయాలి, ఇది ఏ దేశంలోనైనా ఒకటే రూల్.

కేఫ్ సంగతి. శనివారం నుంచే బోర్డు పెట్టారు, పాన్‌కేక్ డే స్పెషల్, 12 పౌండ్లకి ఎన్నైనా తినొచ్చు అని. వచ్చేవి ఇంగ్లీషు పల్చటి అట్లు కాదు, అమెరికన్ స్టైల్ మందంగా పొంగినవి, నాలుగేసి ఒకదానిమీద ఒకటి, పైన చాక్లెట్ స్ప్రెడ్, క్రీమ్, బిస్కెట్ పొడి, ఇంకా ఏదో పింక్ కలర్‌ది. అబద్ధం ఎందుకు, పిల్లలకి తెగ నచ్చింది, వేడివేడిగా వచ్చింది, పని చేసే అమ్మాయిలు కూడా నవ్వుతూ ఎంతో ఓపికగా ఉన్నారు, మావాడు సిరప్ టేబుల్ నిండా ఒలకబోస్తే ఏమీ అనకుండా తుడిచారు. ఆ రెండున్నర మార్కులూ వాళ్ళకే. మిగతా రెండున్నర ఎందుకు కోశానంటే, ఆ ఆఫర్ బుధవారం కూడా ఉంది, గురువారం కూడా ఉంది, ఆ వారమంతా ఉంది. రేపు కూడా ఉంటే అది పండగ ఎలా అవుతుందో మరి, రేపట్నుంచి ఉండదు అనే కదా ఇవాళ తినేది. వెనక టేబుల్ మీద మూడొంతులు తినకుండా వదిలేసిన ప్లేట్లు చూస్తే ఇంకా బాధేసింది, ఏదీ పారేయకూడదని మొదలైన రోజున డస్ట్‌బిన్ నిండిపోయింది.

ఇప్పుడు చర్చి హాలు, దీని గురించి ఎక్కువ రాస్తా.

ఇది మా ఇంటికి దగ్గర్లో ఉన్న చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ చర్చి. మేం గుంటూరు వైపు లూథరన్‌లం, ఇక్కడ మాకు దగ్గర్లో తెలుగు సంఘం నెలకోసారి తప్ప కలుసుకోదు, అందుకని మామూలు ఆదివారాలు ఇక్కడికే వెళ్తాం. రెండు వారాల ముందు నుంచి వెనక బల్ల మీద కాగితం పెడతారు, పేరు, ఎంతమంది, ఏం పడదు అని రాయాలి. పెద్దవాళ్ళకి 5 పౌండ్లు, పిల్లలకి ఎంతిస్తే అంత. ఇదంతా మామూలే. నాకు నచ్చింది ఆ కాగితం కింద రాసిన లైను, ఇంట్లో మిగిలిపోయిన గుడ్లు, పాలు, వెన్న, సగం వాడిన జామ్ సీసాలు ఏవుంటే అవి తెచ్చివ్వండి, కొత్తవి కొనకండి అని. నిజంగానే జనం తెచ్చారు. ఒకావిడ మూడు గుడ్లు ఒక మగ్గులో పెట్టుకుని చేత్తో పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది, ఒక ముసలాయన క్రిస్మస్‌కి మిగిలిన బ్రాందీ వెన్న తెచ్చాడు, అది నిమిషాల్లో అయిపోయింది. టేబుల్ మీద ఒక్క జాము సీసా కూడా ఇంకోదానిలా లేదు. సీలు తీయకుండా మిగిలినవి మర్నాడు ఫుడ్ బ్యాంక్‌కి పంపారు.

రుచి విషయానికొస్తే, అట్లు పల్చగా, అంచులు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా, పైన పంచదార చల్లి నిమ్మకాయ పిండి చుట్టి ఇస్తారు. అదొక్కటి తింటే చాలు, దానికి 10కి 10. నిమ్మరసం వేడి అట్టు మీద పంచదారని సగం కరిగించి సగం పలుకులుగా వదిలేస్తుంది, అక్కడుంది మజా. కారం బ్యాచ్ కోసం చీజ్, ఉల్లికాడల్లాంటి లీక్స్ వేయించి పెట్టింది ఉంది, పర్లేదు, చప్పగా ఉంది, పచ్చిమిర్చి ఉందా అని అడిగితే మిరియాల పొడి డబ్బా తెచ్చిచ్చారు పాపం. గ్లూటెన్ పడనివాళ్ళకి బక్‌వీట్ పిండితో వేరే పెనం మీద వేశారు, నేనొకటి రుచి చూశా, మామూలు దానికంటే అదే బావుంది నాకు.

తిన్నాక వికర్ గారు, అంటే ఆ చర్చి పాస్టరమ్మ, అందర్నీ కోట్లేసుకుని బయటికి రమ్మన్నారు. పోయినేడాది ఈస్టర్‌కి ముందు వచ్చే మట్టల ఆదివారం ఇచ్చిన చిన్న చిన్న ఆకు శిలువలు ఉంటాయి కదా, ఇళ్ళల్లో ఏడాదంతా ఉంచుకుని అవి వెనక్కి తెచ్చారు, ఒక ఇనప బకెట్‌లో వేసి అంటించారు. ఎండిపోయి ఉంటాయి కదా, భగ్గుమని అంటుకుని రెండు నిమిషాల్లో అయిపోయాయి. ఆ బూడిదే మర్నాడు కొంచెం నూనెలో కలిపి నుదుట శిలువ వేస్తారు. హోసన్నా అని ఊపిన మట్టలే బూడిదయ్యి మన నుదుటి మీదికి వస్తాయన్నమాట, ఇది నాకు చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు, లేదా చెప్పినప్పుడు నేను వెనక బెంచీలో నిద్రపోతున్నానేమో. దాంట్లోనే చిన్న కాగితాల మీద ఏం వదిలేద్దామనుకుంటున్నామో రాసి మడిచి వేయమన్నారు, ఎవరికీ చూపించక్కర్లేదు. పాపాలు ఒప్పుకునే పాత పద్ధతికి బదులు ఇదన్నమాట. మా చిన్నది ఏం రాసిందో మూడుసార్లు అడిగా, చెప్పలేదు, కరెక్టే.

లోపలికొచ్చాక పిల్లలు రంగులేసిన పెద్ద హల్లెలూయ బ్యానర్ ఒకటి అందరూ కలిసి ఒక పాట పాడి చుట్టేసి పెట్టెలో పెట్టి మూతేశారు. ఈస్టర్ దాకా చర్చిలో ఆ మాట అనరు, పాటల్లో కూడా రానివ్వరు. మనకైతే నవ్వొస్తుంది, మన సంఘాల్లో హల్లెలూయ లేకుండా పది నిమిషాలు గడిస్తే మైకు పాడైందేమో అని చూస్తారు. కానీ ఒకసారి ట్రై చేస్తే ఈస్టర్ పొద్దున ఆ పెట్టె తీసినప్పుడు ఎలా ఉంటుందో తెలుస్తుంది.

వికర్ గారు మాట్లాడింది ఐదు నిమిషాలే, దానికి కూడా ఎక్స్‌ట్రా మార్కు. లెంట్‌కి ముందు ఆదివారం ఇక్కడ ప్రభువు కొండమీద రూపాంతరం చెందిన భాగం చదువుతారు, శిష్యుడు పేతురు మనం ఇక్కడే ఉండిపోదాం, మూడు పర్ణశాలలు కడదాం అంటాడు కదా, అది పట్టుకుని ఆవిడ, ఇవాళ మనందరం పేతురులాగే ఉన్నాం, కడుపు నిండింది, పక్కన స్నేహితులున్నారు, ఇక్కడే ఉండిపోతే బావుణ్ణు అనిపిస్తుంది, కానీ కొండ దిగాలి, కింద దయ్యం పట్టిన పిల్లాడొకడు ఎదురుచూస్తున్నాడు అన్నారు. అంతే, ప్రార్థన చేసి టీ తాగమన్నారు.

టీ మాత్రం ఘోరం. పెద్ద స్టీలు డ్రమ్ములో మరిగి మరిగి నల్లగా అయిపోయింది.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్తే, ఉపవాసానికి ముందు విందేంటే మీకు, ఆ దేశం పద్ధతులు అంది. నువ్వేం వండావమ్మా ఇవాళ అంటే, రేపట్నుంచి నలభై రోజులు నీచు ముట్టం కదా, మీ నాన్న అడిగారని చేపల పులుసు పెట్టా, మిగిలింది పక్కింటి వాళ్ళకి పంపించా అంది. చూశారా! పేరు లేదు, పెనం లేదు, అదే పండగ. సికింద్రాబాద్‌లో రైల్వే క్వార్టర్స్‌లో ఉన్న మా మేనత్త అయితే పక్కింటి ఆంగ్లో ఇండియన్ ఆంటీ ఈ మంగళవారం కొబ్బరి కోరు, పంచదార పెట్టి చుట్టిన పాన్‌కేకులు పంపేదని ఇప్పటికీ చెప్తుంది, వాళ్ళ ఇళ్ళల్లో ఇది బాగా ఉన్న అలవాటు. మన కజ్జికాయలోకి పెట్టే లౌజు లాంటిదే లోపల, అందుకే మనవాళ్ళకి వెంటనే ఎక్కేస్తుంది, నేనీసారి ఇంట్లో అలాగే చేశా, యాలకలు కొంచెం ఎక్కువేసి.

ఇంకో మాట, మా లూథరన్‌లకి ఈ వెన్న గొడవ కొత్త కాదు. లెంట్‌లో వెన్న తినాలంటే చర్చికి డబ్బు కట్టి పర్మిషన్ తీసుకునే రోజులుండేవి, ఫ్రాన్స్‌లో రూఆన్ కెథెడ్రల్‌కి ఒక గోపురం ఉంది, ఇప్పటికీ వెన్న టవర్ అంటారు, ఆ డబ్బుతోనే కట్టారని చెప్తారు. 1520లో మా శాఖకి ఆ పేరు రావడానికి కారణమైన మార్టిన్ లూథర్ గారు దీని మీద గట్టిగానే రాశారు, రోములో వాళ్ళు ఈ ఉపవాసాల్ని చూసి నవ్వుకుంటారు, మనకేమో చెప్పులకి కూడా రాసుకోని నూనె తినిపించి తర్వాత వెన్న తినే హక్కు మనకే అమ్ముతారు అని. ఉపవాసం వద్దని కాదు ఆయన గొడవ, దాన్ని అమ్మకానికి పెట్టడం మీద. 12 పౌండ్ల బోర్డు చూసినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చారు.

గోవాలో ఇవే రోజుల్లో కార్నివాల్, దానికి రాజు వేషం కట్టే కింగ్ మోమో వచ్చి తినండి తాగండి మజా చేయండి అని ఆర్డరేస్తాడు. అమెరికాలో ఉన్న మా కజిన్స్ న్యూ ఆర్లీన్స్ నుంచి పర్పుల్, గ్రీన్, గోల్డ్ రంగుల కింగ్ కేక్ ఫొటోలు పెడతారు, దాంట్లో చిన్న బేబీ బొమ్మ ఉంటుంది. అన్నీ ఈ మంగళవారం చుట్టూ తిరిగేవే. నేను వెళ్ళలేదు కాబట్టి మార్కులెయ్యను.

మిల్టన్ కీన్స్ దగ్గర ఉన్నవాళ్ళకి అయితే ఓల్నీ అనే ఊరు ఉంది, అక్కడి పాన్‌కేక్ రేస్ ఒక్కసారైనా చూడండి. 1445లో ఒకావిడ అట్లు పోస్తుండగా చర్చి గంట వినపడి పెనం చేత్తో పట్టుకుని ఏప్రాన్‌తోనే పరిగెత్తిందని వాళ్ళ కథ. ఇప్పటికీ ఆ ఊళ్ళో ఉండే ఆడవాళ్ళే ఏప్రాన్, తలకి స్కార్ఫ్ కట్టుకుని పెనంలో అట్టుతో మార్కెట్ నుంచి చర్చి దాకా 415 గజాలు పరిగెడతారు, 1950 నుంచి అమెరికాలో కాన్సస్‌లోని లిబరల్ అనే ఊరితో టైములు పోల్చుకుని పోటీ. పరుగు నిమిషంలో అయిపోద్ది, మొదలయ్యేది మధ్యాహ్నం 12కి కాస్త ముందు, లేటుగా వెళ్తే జనం వెనక తలకాయలు తప్ప ఏం కనపడవు. పరుగయ్యాక వాళ్ళంతా చర్చిలోకి ప్రార్థనకి వెళ్తారు, అది చూసి నాకు ముచ్చటేసింది, ఎందుకంటే పెనం పట్టుకుని చర్చికి పరిగెత్తడం అంటే చర్చి లోపలికి వెళ్ళడం కోసమే కదా.

ఈసారి తమాషా ఏంటంటే ఫిబ్రవరి 15 ఆదివారం శివరాత్రి, 17 పాన్‌కేకులు, 18 బూడిద బుధవారం, అదే వారంలో రంజాన్ నెల కూడా మొదలైంది. మా బిల్డింగ్‌లో కింద ఇంటి వైజాగ్ వాళ్ళు జాగారం చేసి వచ్చి నిద్రమొహాలతో ఉన్నారు, పై ఇంటి హైదరాబాద్ అక్క సహ్రీకి సరుకులు సర్దుకుంటోంది, మధ్యలో మేము గుడ్లు అవగొట్టుకుంటున్నాం. లిఫ్ట్‌లో ముగ్గురం కలిస్తే ఎవరు ఎప్పుడు ఏం తినరో లెక్కేసుకోడానికే మూడంతస్తులు పట్టింది.

బుధవారం పొద్దున ఆఫీసుకి ముందు వెళ్ళి బూడిద వేయించుకున్నా. నీవు మన్నే గనుక తిరిగి మన్నైపోదువు, అదే మాట, చల్లటి వేలు. మంగళవారం హాలు కిటకిటలాడింది, బుధవారం బెంచీలు ఖాళీ, ఇది మాత్రం చెప్పాలి. అట్లకి వచ్చినవాళ్ళలో కొద్దిమందే కనపడ్డారు. చర్చిని తప్పు పట్టలేం, వాళ్ళు మంగళవారం అందరికీ టైము చెప్పే పంపారు. పైగా ఆ పొద్దున చదివేది మత్తయి 6, ఉపవాసం ఉన్నప్పుడు మొహం వేలాడేసుకోకు, తలకి నూనె రాసుకుని మొహం కడుక్కో, నీ తండ్రికి తెలిస్తే చాలు అని. అది విని నుదుటి మీద నల్లటి శిలువతో ఆఫీసుకి వెళ్ళాలా, తుడుచుకోవాలా అని బస్టాపులో ప్రతి ఏడాదీ నాకు నాలోనే ఒక డిబేట్. ఈసారి తుడవలేదు, టీమ్‌లో అబ్బాయి మీ తలకి ఏదో మసి అంటుకుంది అని టిష్యూ ఇచ్చాడు, తీసుకుని జేబులో పెట్టుకున్నా.

ఇంక చర్చి హాలుకి ఒక మార్కు ఎందుకు కోశానో. అంతమందికి రెండే పెనాలు, క్యూలో అరగంట పైనే నిలబడ్డాం, పిల్లలు ఆకలికి గోల, మా ఆయనకి చేతికొచ్చేసరికి అట్టు చల్లారిపోయింది. రెండోది, హ్యామ్ తీసిన పట్టకారుతోనే చీజ్ కూడా తీస్తున్నారు, వెజ్ వాళ్ళూ హలాల్ వాళ్ళూ జాగ్రత్త, అడిగితే మారుస్తారు గానీ అడగాలి. పిండిలో గుడ్డు ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు, ఎగ్‌లెస్ కావాలంటే ఆ కాగితంలో ముందే రాయండి, వేసిస్తారు. కార్డు తీసుకోరు, చిల్లర పట్టుకెళ్ళండి. పార్కింగ్ చర్చి వెనక నాలుగైదు కార్లకే ఉంది, నడిచి వెళ్ళడం బెటర్.

వచ్చే ఏడాది ఇది ఫిబ్రవరి 9న వస్తుంది, 2027 ఈస్టర్ మార్చి 28. పేర్లు రాసే కాగితం జనవరి ఆఖర్లో పెడతారని అడిగి తెలుసుకున్నా. రావాలనుకునే తెలుగు వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, ఇంట్లో మూలన పడున్న రెండు మంచి పెనాలు కూడా పట్టుకుని వద్దాం, క్యూ సగమవుద్ది.